జపానయ్య గద్దె

రేపల్లె,
22 జూన్ 1986

అమ్మాయి ఝాన్సీలక్ష్మికి, మీ చిన్నాన్న మత్తయి రెండు చేతులెత్తి దీవించి వ్రాయునది.

నీ ఇన్లాండు లెటరు అంది పదిరోజులైంది. బడులు తెరిచే నెల కదా, కుట్టు మిషను మీంచి కాలు తీసే వీల్లేదు. నీలం లాగూలు, తెల్ల చొక్కాలు, కళ్ళు మూసుకున్నా అవే. వదినకి ఇక కోసేది లేదు, ఇంటికి తీసుకెళ్ళమని గుంటూరు డాక్టర్లు చెప్పిన చోటు చదువుతుంటే సూది వేలిలో దిగింది. చిన్నదే. రక్తం పడి ఎవరి పిల్లవాడిదో ఒక చొక్కా పాడైంది.

వదిన అడిగిన మాట నువ్వు రాసింది రాసినట్టే పదిసార్లు చదువుకున్నాను. "మీ నాన్న ఎక్కడ పడుకున్నాడో కనుక్కోవే. నేను పోయేలోగా అక్కడ ఒక పూట కూచుని వస్తా." నలభై నాలుగేళ్ళు నోరు విప్పని మనిషి చివరికి అడిగింది ఇదా.

నాకు తెలిసింది చెప్తాను. 1942 ఏప్రిల్ నెల. కాకినాడ మీద జపాను వాళ్ళు బాంబులేశారని బాపట్ల సగం ఊరు బండ్లు కట్టుకుని పడమటికి పోయింది. అన్నయ్య ఉత్తరం వస్తే తీసుకునేవాళ్ళు ఉండరని మా అమ్మ కదల్లేదు. అన్నయ్య అప్పుడు విమానదళంలో చేరి మద్రాసులో ఉన్నాడు. విమానంలో వెనక సీటు, తుపాకి, వైర్లెస్సు ఆయనవి. ఉత్తరం రాలేదు, తంతి వచ్చింది. మిషనరీల బడి హెడ్మాస్టరుగారు చదివి కళ్ళజోడు తీసి, జార్జి కనబడటం లేదంట అన్నారు. "కనబడకపోతే వెతకమనండి" అంది మా అమ్మ. మూడు నెలలకి ఇంకో కాగితం వచ్చింది, చనిపోయినట్టు భావించవలెనని. అప్పటికి నువ్వు పుట్టి నెలరోజులు. ఆడపిల్లయితే ఝాన్సీలక్ష్మి అని పెట్టమని ఆయన ముందే రాసి ఉంచాడు.

ఇంతకు మించి నాకు తెలీదు. ఆ కాగితాలన్నీ ఇంగ్లీషు. ఇద్దర్నీ చదివించలేక, పెద్దవాడికి బుర్ర ఉందని ఆయన్ని బడిలో ఉంచి, నన్ను మూడో తరగతిలో ఆపి దర్జీ దగ్గర కూచోబెట్టారు. నాకు తెలుగు నేర్పింది పరిశుద్ధ గ్రంథం. ఇంగ్లీషు నేర్పడానికి ఎవరూ దిగి రాలేదు.

ఇక ఒక మాట చెప్తాను, కోపం తెచ్చుకోకు. మోషే సమాధి ఎక్కడుందో ఈనాటికీ ఏ నరుడికీ తెలీదు. పాతిపెట్టింది దేవుడే, ఆనవాలు ఉంచకపోయింది కూడా దేవుడే. ఎందుకు? అక్కడికి పోయి మొక్కుతారని. బ్రతికున్నవాణ్ణి సమాధుల్లో వెతికిన స్త్రీలని దూత మందలించలేదా? తీర్పు దినాన సముద్రం తనలో ఉన్నవాళ్ళని ఒక్కరు తప్పకుండా అప్పజెబుతుంది. వదిన తలాపి దగ్గర కూచుని ఆ సంగతి చదివి వినిపించు. నువ్వనుకున్నట్టు ఢిల్లీలో విమానదళం ఆఫీసుకి ఉత్తరాలు రాస్తే ఏం వస్తుంది, కాగితాలొస్తాయి.

ప్రభువు పనిలో అలసిపోనివాడు,
మీ చిన్నాన్న మత్తయి

తెనాలి,
6 జూలై 1986

చిన్నాన్నకి వందనాలు.

మీరు చెప్పినట్టే అమ్మకి చదివి వినిపించాను. కళ్ళు మూసుకుని అంతా విని, "సముద్రం అప్పజెప్పేదాకా ఆగటానికి నాకు టైము లేదని మత్తయికి రాయి" అంది. నవ్వుతూనే అంది.

మోషే సంగతి బాగానే చెప్పారు. మరి యోసేపు ఎముకల మాటేంటి చిన్నాన్నా? ఐగుప్తులోంచి బయలుదేరిన హడావుడిలో పిండి పులవడానికి ఆగనివాళ్ళు ఆ ఎముకల్ని మాత్రం మర్చిపోకుండా నలభై ఏళ్ళు ఎడారిలో మోసుకు తిరిగారు. అది అవిశ్వాసమా? మీ దగ్గరే నేర్చుకున్నాను ఈ కథ, నా ఎనిమిదో ఏట, మీ మిషను కింద కూచుని.

మీకు తెలియంది ఒకటి చెప్తాను. ప్రతి ఏడూ సమాధుల పండుగకి అందరూ సున్నాలు వేసి పూలు పెడుతుంటే, అమ్మ బాపట్ల సమాధుల తోటలో ప్రహరీగోడ మూల ఒక ఉత్త జాగా ఊడ్చి అక్కడ కొవ్వొత్తి వెలిగించేది. ఎవరిదే అమ్మా ఇది అంటే, ఎవరిదీ కాదులే అనేది. పెద్దయ్యాక అడగడం మానేశాను.

ఢిల్లీకి రాశాను. జవాబు వచ్చేదాకా రాస్తూనే ఉంటాను. ఒక్కటి అడుగుతాను, ఏమనుకోకండి. నాన్నని చదివించి మిమ్మల్ని ఆపేశారన్న కోపం మీలో ఇంకా ఉందా? అందుకేనా నాన్న జాడ తీయొద్దంటున్నారు?

గంజి తప్ప అమ్మకి ఏదీ ఇమడటం లేదు. పోస్టుమాను సైకిలు బెల్లు వింటే లేచి కూచుంటోంది.

ఝాన్సీ

రేపల్లె,
15 ఆగస్టు 1986

తల్లీ,

యోసేపు ఎముకల దెబ్బకి ఈ ముసలి గొల్యాతు బోర్లా పడ్డాడు. ఒప్పుకుంటున్నాను. ఆ వాక్యం నా కళ్ళ ముందు నలభై ఏళ్ళుగా ఉంది, నాకు కనబడలేదు. నీకు కనబడింది.

కోపం సంగతి అడిగావు. ఉంది. ఉండకూడదని రోజూ మోకరిస్తాను, రోజూ ఉంటుంది. అన్నయ్య మీద కాదు. ఆయన సెలవులకి వచ్చినప్పుడల్లా నాకు ఏబీసీడీలు నేర్పుతానని పలక పట్టుకొచ్చేవాడు. నేనే పొగరుగా బయటికి పోయేవాణ్ణి. కోపం ఎవరి మీదో నువ్వే తేల్చుకో.

జెండా పండుగని కుర్రాళ్ళు నా మైకు అరువు తీసుకుపోయారు, బ్యాటరీలు అయిపోగొట్టి ఇచ్చారు. ఇవాళ గంగానమ్మ పేటలో ఉత్త గొంతుతోనే వాక్యం చెప్పాను. ఉత్త గొంతుతో అయితే జనం దగ్గరికొచ్చి వింటారని తెలిసింది.

ఢిల్లీ వాళ్ళు ఏమన్నా రాస్తే నాకూ రాయి. వద్దన్నవాణ్ణే అడుగుతున్నాను.

వదిన ఆరోగ్యం కోసం ఉపవాసంలో ఉన్న,
మత్తయి

తెనాలి,
19 అక్టోబరు 1986

చిన్నాన్నకి,

వచ్చింది. ఢిల్లీ నుంచి పేజీన్నర కాగితం.

ఏప్రిల్ తొమ్మిదో తేదీ తెల్లవారగానే మద్రాసులో లేచిన విమానం అది. ఒకదాని మీద ఒకటిగా రెండు వరసల రెక్కలున్న పాతది. మనుషులు ఇద్దరే, పైలటూ నాన్నా. జపాను ఓడల కోసం చూసుకుంటూ తీరం వెంబడే ఉత్తరంగా వచ్చారు. నిజాంపట్నం దగ్గర సముద్రం మీంచి చివరి కబురు, ఇంజను ఆగిపోయిందని. తర్వాత ఏమీ లేదు. నాలుగోరోజున పైలటు శవం రామాపురం దగ్గర ఒడ్డుకి కొట్టుకొచ్చింది. గుర్తుపట్టి వాళ్ళవాళ్ళకి అప్పగించారు. వెనక సీటు మనిషి జాడ తెలియలేదు.

అమ్మ మూడుసార్లు చదివించుకుంది. "ఆ కబురు పంపింది ఆయనేనా?" అని ఒక్కటే అడిగింది. వైర్లెస్సు నాన్నదే కాబట్టి నాన్నే పంపి ఉంటాడన్నాను. "అయితే భయపడి ఉండడు. చేతిలో పనుంటే ఆయనకి భయం తెలీదు" అని పక్కకి తిరిగి పడుకుంది.

ఒకాయన ఒడ్డుకి వచ్చాడంటే రెండో ఆయన కూడా వచ్చి ఉండొచ్చు కదా? అందుకని ఆదివారాలు బస్సెక్కుతున్నాను. మొదటి వారం సూర్యలంక. గుంటూరు నుంచి షికారుకి వచ్చినవాళ్ళ మధ్య ముసలి బెస్తల్ని వెతుక్కుంటూ తిరిగాను. పోయిన వారం నిజాంపట్నం. చేపల వేలంపాటల దగ్గర గంపలవాళ్ళు, శవాల గురించి అడిగే టీచరమ్మ వచ్చింది అని ఒకటే నవ్వు. వాళ్ళలో ఒకామె మాత్రం పక్కకి పిలిచి చెప్పింది. అక్కడికి దక్షిణంగా ఒక పాలెంలో జపానయ్య గద్దె అని ఉండేదట. యుద్ధంలో ఆకాశం నుంచి పడ్డ మనిషిదట. ఎవరో పగలగొట్టారట.

నాన్నకీ దానికీ సంబంధం ఉందో లేదో తెలీదు. కానీ యుద్ధం రోజుల్లో అక్కడ ఒక శవం ఒడ్డుకి వచ్చిందంటే, ఇంకోటి సంగతి కూడా వాళ్ళకి తెలిసి ఉండొచ్చు. మీరు ఆ పాలేల్లో వాక్యం చెప్తుంటారు కదా, అక్కడ ఎవరైనా తెలుసా?

ఝాన్సీ

రేపల్లె,
28 అక్టోబరు 1986

ఝాన్సీలక్ష్మికి,

అన్నయ్య చివరి కబురు సంగతి చదివి మిషను ఆపి కూచున్నాను. వదిన అన్నది నిజం. ఆయన అంతే.

మిగతాదానికి జవాబు రాస్తున్నాను. జాగ్రత్తగా చదువు.

ఆ గద్దె పగలగొట్టింది ఎవరో కాదు, నేనే. డెబ్భై ఏడు ఉప్పెన తర్వాత ఆరు నెలలు ఆ పాలేల్లోనే ఉన్నాను. బట్టలు పంచాను, తుమ్మకంపల్లోంచి శవాలు దించాను. పిల్లల్ని పోగొట్టుకున్న తల్లులు గుడిసె కప్పుకోకముందే ఎక్కడికి పోయేవాళ్ళో తెలుసా? ఆ రాళ్ళ దిబ్బ దగ్గరికి. కొబ్బరికాయ, కల్లు, చుట్ట. జపానయ్యే మమ్మల్ని మిగిల్చాడని మొక్కులు. సృష్టికర్త ఉండగా చచ్చిన జపాను వాడికి! నా ఎముకల్లో అగ్ని పుట్టింది. డెబ్భై ఎనిమిది మే నెలలో పదకొండు మంది యువకుల్ని తీసుకుని గునపాలతో పోయాను. గిద్యోను బయలు అనే అన్యదేవత బలిపీఠాన్ని జనానికి భయపడి రాత్రిపూట పడగొట్టాడు. నేను మిట్టమధ్యాహ్నం పడగొట్టాను. ఆడవాళ్ళు నా కాళ్ళకి అడ్డం పడ్డారు. ఒక్క రాయి మీద ఒక్క రాయి నిలవనివ్వలేదు. నా పరిచర్యలో ఒకేఒక్క పని దేవుడి ముందు పెట్టమంటే అదే పెడతాను.

మీ నాన్న ఎవరి మీదికి పోయి ప్రాణం పోగొట్టుకున్నాడో మర్చిపోయావా? ఆ జాతివాడి దిబ్బ దగ్గర నీకు పనేంటి? ఆ పాలెం గడప తొక్కకు.

సత్యము విషయమై రాజీపడని,
మత్తయి

తెనాలి,
24 నవంబరు 1986

చిన్నాన్నకి,

తొక్కాను. మీ మాట కాదన్నందుకు క్షమించండి. కానీ ఇది చదివాక మీరు కూడా తొక్కమనేవారే.

సింగయ్య అని డెబ్భై ఏళ్ళ ఆయన, భార్య సుబ్బులు. పడవ నీడన చాప వేసి కూచోబెట్టారు. యుద్ధం రోజుల్లో కాకినాడ మీద బాంబులు పడ్డ వారంలోనే సింగయ్య వలలో శవం వచ్చిందట. బూట్లు, తోలు పట్టీలు. మొహం చేపలు తినేశాయట. ముందురోజు విమానం ఒకటి పొగ లేకుండా, చప్పుడు లేకుండా నీళ్ళలోకి వాలడం పాలెమంతా చూసిందట. జపాను వాడే అనుకున్నారు. మనిషి ఛాయ చూస్తే మనవాడని అనిపించలేదా తాతా అని అడిగాను. సింగయ్య నా వైపు వింతగా చూసి, "మనోళ్ళు ఎగురుతారని మాకేం తెలుసు తల్లీ? ఆకాశంలోంచి పడ్డోడు మనోడెట్టా అవుతాడు?" అన్నాడు.

పోలీసులకి చెప్తే జపాను వాణ్ణి దాచారని కాల్చేస్తారని భయం. వలలో పడ్డ శవాన్ని తిరిగి నీళ్ళలో వదిలితే ఆ పడవ మళ్ళీ ఒడ్డు చేరదని వాళ్ళ నమ్మకం. సరుగుడు చెట్ల కింద పూడ్చి పైన రాళ్ళు పేర్చారు. ఆ ఏడు తుఫానులో పడవలన్నీ తిరిగొచ్చాయట. అప్పటినుంచి ఆయన జపానయ్య అయ్యాడు.

చిన్నాన్నా, ఆ శవం లోపలి చొక్కాకి ఎడమవైపు ఎర్రగళ్ళ గుడ్డతో చేత్తో కుట్టిన జేబు ఉందట. వంకరటింకర కుట్లట. అందులో తడిసి ముద్దయిన చిన్న పుస్తకం. సుబ్బులు నలభై నాలుగేళ్ళ కింద చూసిన జేబు, చేత్తో కొలత పెట్టి చూపించింది. మెడలో దారానికి రెండు బిళ్ళలు, ఎర్రది ఒకటి, ఆకుపచ్చది ఒకటి. ఎర్రది తెంపి ముంతలో పెట్టి గద్దె కింద ఉంచారట. నేను ఢిల్లీ కాగితం మళ్ళీ తీసి చూశాను. విమానంవాళ్ళందరి మెడలో అవే రెండు బిళ్ళలు ఉంటాయి. వాటి మీద పేరు, నంబరు, మతం చెక్కి ఉంటాయి. జపాను వాళ్ళకి కాదు, మనవాళ్ళకి.

ఆ ముంత ఏమైంది, గద్దె సరిగ్గా ఎక్కడ ఉండేది అని అడిగాను. అంతదాకా గలగలా మాట్లాడినవాళ్ళు మీ వాళ్ళెవరమ్మా అన్నారు. రేపల్లె మత్తయిగారి అన్న కూతుర్నని చెప్పాను. సుబ్బులు గంప తీసుకుని లేచిపోయింది. సింగయ్య, "ఆయన్నే అడుగు తల్లీ" అని వల సర్దుకున్నాడు.

అందుకని మిమ్మల్నే అడుగుతున్నాను. ఆ చోటు ఎక్కడ? ఆ ఎర్ర బిళ్ళ మీరు చూశారా? మిమ్మల్ని తప్పుపట్టడానికి కాదు. జీపు ఒకటి మాట్లాడి పరుపు వేసి అమ్మని పడుకోబెట్టి తీసుకొస్తాను. ప్రయాణం తట్టుకునే ఓపిక క్రిస్మసు దాకా ఉంటుందేమో అంటున్నారు. వెంటనే రాయండి.

ఝాన్సీ

తెనాలి,
1 ఫిబ్రవరి 1987

మత్తయిగారికి,

నా నవంబరు ఉత్తరానికి జవాబు లేదు. డిసెంబరులో రాసినదానికీ లేదు. క్రిస్మసుకి మీరు వస్తారని అమ్మకి చెప్పి గుమ్మం వైపు మంచం తిప్పించాను.

ఇప్పుడామెని జీపులో కాదుగదా, చేతుల మీద కూడా కదిలించలేం. చెంచాడు నీళ్ళు దిగటం లేదు.

మీ మాట కాదని ఆ పాలెం వెళ్ళానని మీకు కోపం. మీరు పగలగొట్టింది తప్పని ఎవరన్నా అంటే మీరు ఓర్వలేరు. మీ అన్న ఎముకలకంటే మీ పరిచర్య పేరు మీకు ఎక్కువైంది. చిన్నప్పుడు ఎవరో మిమ్మల్ని బడి మాన్పిస్తే, దానికి మా అమ్మ ఏం చేసింది?

చోటు ఒక్కటి రాయండి. కార్డు ముక్క మీద రాయండి. చదివి వినిపిస్తాను, అదైనా వింటుంది.

ఝాన్సీలక్ష్మి

రేపల్లె,
2 ఏప్రిల్ 1987

ఝాన్సీ,

నీ ఉత్తరాలన్నీ అందాయి. అందలేదని అబద్ధం చెప్పను.

వదినని మట్టిచేసిన నాడు నేను సమాధుల తోట గేటు దగ్గర నిలబడటం నువ్వు చూశావు. పెద్దవాడివి ప్రార్థన చెయ్యమని పాస్టరుగారు పిలిస్తే తల అడ్డంగా తిప్పి వెళ్ళిపోవడం కూడా చూశావు. నాకు అలక అనుకుని ఉంటావు. అలక కాదమ్మా.

ఆ జేబు నేను కుట్టాను.

నలభై ఒకటి క్రిస్మసుకి అన్నయ్య చివరిసారి వచ్చాడు. చిన్న కొత్త నిబంధన గుండె దగ్గర ఉండాలన్నాడు. దర్జీ దగ్గర ఊడ్పులూ ఇస్త్రీలూ అయ్యి నా చేతికి సూది వచ్చి మూడు వారాలైంది. మా అమ్మ పాత తువ్వాలు ముక్క, ఎర్రగళ్ళది, కత్తిరించి కుట్టాను. నా బతుకులో నేను కుట్టిన మొదటి వస్తువు అది. అన్నయ్య చూసి, "ఈ కుట్లు చూస్తే జపానోడు తుపాకి కింద పెట్టి నవ్వుతాడురా" అన్నాడు. అయినా అదే తొడుక్కుని వెళ్ళాడు.

నీ ఉత్తరంలో ఆ నాలుగు మాటలు చదివి మిషను మీద తల పెట్టుకుని ఎంతసేపున్నానో నాకు తెలీదు.

ఇక ఎర్ర బిళ్ళ. గద్దె రాళ్ళు తీస్తుంటే ముంత బయటపడింది. మూత తీసింది నేనే. పసుపులో దారం, దానికి ఎర్రటి గుండ్రటి బిళ్ళ, రూపాయికంటే కాస్త పెద్దది. నా అరచేతిలో పెట్టుకున్నాను. చుట్టూ ఇంగ్లీషు అక్షరాలు చెక్కి ఉన్నాయి. మంత్రగాడి తాయెత్తు అనుకున్నాను. పైకెత్తి అందరికీ చూపించి, ఇదిగో మీ దేవుడి బలం అని సముద్రంలోకి విసిరేశాను. యువకులు చప్పట్లు కొట్టారు. మా అన్న పేరు నా అరచేతిలో ఉందమ్మా. పలక పట్టుకుని వెంటపడ్డవాడి పేరు. చదవలేకపోయాను.

డిసెంబరు మొదటి వారంలో ఆ చోటికి పోయాను, ఎవరికీ చెప్పకుండా. సరుగుడు చెట్లు లేవు. రాళ్ళు తీసేసిన పక్కనుంచి సముద్రం కోసుకుంటూ వచ్చి ఆ నేలంతా మింగేసింది. మోకాటి లోతు నీళ్ళలో చేతులతో దేవాను. ఏమీ లేదు. ఇక వదినకి ఏం చెప్పను? చోటు చెప్తే గునపం సంగతి చెప్పాలి. ఒకసారి తెనాలి బస్సు ఎక్కాను. స్టాండులో దిగి అరగంట బెంచీ మీద కూచుని అదే బస్సులో వెనక్కి వచ్చాను. చనిపోయేదాకా ఆమె ఆశపడనీ, నిజం తెలిసి పోవడంకంటే అది నయం అనుకున్నాను. ఇది ఆమె కోసం అనుకున్నాననేది కూడా అబద్ధమే. నా కోసం.

తమ్ముణ్ణి చంపొచ్చాక నీ తమ్ముడెక్కడ అని దేవుడు అడిగితే, నాకేం తెలుసు, నేను వాడికి కాపలావాణ్ణా అన్నవాడి మీద ఎన్ని ప్రసంగాలు చేశానో. ఇప్పుడు నీ అన్నెక్కడ అని నన్ను అడుగుతున్నారు. నువ్వడిగావు, వదిన అడిగింది. నాలుగు నెలలు నేనూ ఆ జవాబే చెప్పాను.

నీ దగ్గర ఏ మాటా ఆశించని,
మత్తయి

తెనాలి,
17 మే 1987

చిన్నాన్నకి,

మీ ఉత్తరం నెలకి పైగా అమ్మ ట్రంకుపెట్టెలో ఉంచాను. తర్వాత తీసుకుని పాలెం వెళ్ళి సింగయ్యకీ సుబ్బులుకీ మొత్తం చదివి వినిపించాను. జేబు దగ్గర సుబ్బులు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నాన్న సముద్రంలో పోలేదు.

మీరు పగలగొట్టి వెళ్ళిన మూడోరోజున వాళ్ళిద్దరూ ఆ నేల తవ్వి ఎముకలన్నీ కొత్త కుండలో పెట్టి పడవలో ఇంకోచోటికి మోసుకుపోయారు. ఆకుపచ్చ బిళ్ళ కూడా ఆ కుండలోనే ఉంది. ఈసారి రాళ్ళు పేర్చలేదు, దీపం పెట్టలేదు. గుర్తుంటే మళ్ళీ ఎవరో ఒకరు గునపం పట్టుకొస్తారని. ఈ తొమ్మిదేళ్ళూ పాలెంలో ఆ చోటు తెలిసింది వాళ్ళిద్దరికే. నవంబరులో నాకెందుకు చెప్పలేదని అడిగాను. మీ పేరు విని భయపడ్డారు. మీరే పంపారనుకున్నారు, మిగిలింది కూడా పెకలించడానికి.

నన్ను తీసుకెళ్ళారు. ఒక్క షరతు పెట్టారు, అది ఎక్కడో మీకు చెప్పకూడదని. మాటిచ్చాను. అడగకండి.

తవ్వి ఆ బిళ్ళ చదువుకుంటావా, కూతురివి, నీ ఇష్టం అన్నారు. పార చేతికి కూడా ఇచ్చారు. చదివితే నలభై ఐదేళ్ళ అనుమానం తీరుతుంది. కానీ ఒకసారి నీళ్ళలోంచి, ఒకసారి నేలలోంచి లేపారు ఆయన్ని. మూడోసారి నేను లేపలేకపోయాను. పార తిరిగి ఇచ్చేశాను. అమ్మ కూచుంటానన్న ఒక పూట నేను కూచున్నాను.

ఆయన పేరు జార్జి అని చెప్పాను. సింగయ్య రెండుసార్లు పలికి చూశాడు. "మేం జపానయ్యనే అంటాంలే తల్లీ, అలవాటైపోయింది. ఆయనకీ అలవాటై ఉంటది" అన్నాడు. సరేనన్నాను.

మిమ్మల్ని క్షమించానని రాయడానికే ఈ కాగితం తీశాను. నాలుగుసార్లు మొదలుపెట్టాను. గద్దె సంగతి ఎప్పుడో క్షమించాను, మీకు తెలియదు కాబట్టి. కానీ డిసెంబరులో మీరు నోరు విప్పి ఉంటే, సింగయ్యకి ఆ ఉత్తరమే అప్పుడు చదివి ఉండేదాన్ని. అమ్మ అక్కడికి వచ్చి ఉండేది. అప్పటికి ఆమెకి ఇంకా ఓపిక ఉంది చిన్నాన్నా. ఆ ఒక్కచోట నా కలం ఆగిపోతోంది.

ఝాన్సీ

రేపల్లె,
30 జూన్ 1987

ఝాన్సీకి,

కలం ఆగిన చోట ఆగనీ. దాన్ని ముందుకు తొయ్యకు. నేను చోటు అడగను, ఎవరి చేతా అడిగించను.

పోయిన శుక్రవారం పాలెం వెళ్ళాను. మైకు లేదు, గ్రంథం సంచిలోనే ఉంది. సింగయ్య వల బాగుచేసుకుంటున్నాడు. కూచోమనలేదు. నిలబడే చెప్పాను, ఏం చేశానో, ఎవరికి చేశానో. ఆయనకి అంతా తెలుసు, నువ్వు చదివావు కదా. అయినా నా నోటితో చెప్పాలని చెప్పాను. విన్నాడు. చేతిలో ఉన్న ముడి బిగించి తలెత్తి, "మీ అన్నని మోశాం అయ్యగారూ. మిమ్మల్ని మొయ్యమంటే మా వల్ల కాదు" అన్నాడు. న్యాయమే. మొయ్యమని అడగడానికి రాలేదన్నాను.

తిరిగి వస్తుంటే సుబ్బులు వెనక నుంచి పిలిచింది. చెంబుతో నీళ్ళిచ్చింది. నేను తాగేదాకా ఆగి, ఒక మాట అడగాలి అంది. నువ్వు అడిగినట్టు కాదు, సంకోచంగా, తప్పు చేసినదానిలా. "ఏ వల లాగినా ముందు పడ్డ చేప ఆయనకే పెట్టామయ్యా, ఈ నలభై ఐదేళ్ళూ. ఎవరో ఏంటో తెలీదు, మాకు ఉన్నదే పెట్టాం. తిన్నాడో, పస్తే ఉన్నాడో అని ఒకటే దిగులు. మీరు తోడబుట్టినోళ్ళు కదా. ఆయనకేం ఇష్టమో చెప్పండి, అదే పెడతాం."

ఝాన్సీ, మీ నాన్న చేప ముట్టడు. చిన్నప్పుడు గొంతులో ముల్లు ఇరుక్కుని చావు దాకా వెళ్ళాడు. ఇంట్లో చేపల కూర ఉడికితే విస్తరి తీసుకుని వాకిట్లోకి పోయి మజ్జిగన్నం తినేవాడు. ఈ సంగతి తెలిసినవాళ్ళలో మా అమ్మ లేదు, మీ అమ్మ లేదు. నేనొక్కణ్ణే.

చచ్చినవాళ్ళకి పెట్టే కూడు గురించి నేను చేసిన ప్రసంగాలు ఆ ఒడ్డంతా తెలుసు. సత్యము, సత్యము అని గొంతు చించుకున్నది కూడా తెలుసు. ఆమె చెంబు పట్టుకుని నా మొహంలోకే చూస్తోంది. ఏ వాక్యమూ నాకు అడ్డం రాలేదు.

చేపేనమ్మా అన్నాను. చేపంటే మా అన్నకి ప్రాణం, ముల్లు కూడా వదిలేవాడు కాదు.

మీ చిన్నాన్న,
మత్తయి